గడ్డకట్టిన ట్యాంకు, తెగిపోయిన వాక్యం

ఇక్కడి మన తెలుగువాళ్ళ పత్రికలో ఉద్యోగ జ్ఞాపకాల శీర్షిక మొదలై చాలా కాలమైంది. బ్యాంకుల్లో పనిచేసినవాళ్ళు రాశారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు రాశారు. ఒకాయన రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ ఒకే సంగతి. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. సింగపూర్‌లో ఈ వుడ్‌ల్యాండ్స్ పేటలోనే ఇన్నేళ్ళుగా ఉంటున్నాను. నా ఫోన్ నంబరు వాళ్ళ దగ్గర లేదనడానికి వీల్లేదు, ఉగాది రోజు కుర్చీలు సర్దడానికి మనుషులు తక్కువైతే దొరుకుతూనే ఉంటుంది. చివరికి నేనే రాసి పంపుతున్నాను.

అయితే ఇది ఆ కోపంతో రాస్తున్నది కాదు. ఆ కోపానికి వేరే ఉత్తరం రాశాను. ఇది ఏడేళ్ళుగా నేను అడుగుతున్న, ఇంతవరకు ఎవరూ జవాబివ్వని ఒక ప్రశ్న గురించి. ఈ రంగంలో కొత్తగా చేరుతున్న పిల్లలు చదివితే సంతోషం. ప్రశ్న ఏమిటో అర్థం కావాలంటే ముందు ఒక చలికాలం గురించి చెప్పాలి.

నేను పనిచేసింది ద్రవ రసాయనాలను ట్యాంక్ కంటైనర్లలో నింపి ఓడల మీద పంపే కంపెనీలో. ట్యాంక్ కంటైనర్ అంటే ఇరవై అడుగుల ఇనుప చట్రంలో అడ్డంగా పడుకోబెట్టిన స్టీలు పీపా అనుకోండి. చుట్టూ మందంగా ఇన్సులేషన్, అడుగున ఆవిరి తిరగడానికి గొట్టాలు. చల్లని దేశం చేరేసరికి లోపలి సరుకు గట్టిపడితే, ఆ గొట్టాల్లోకి ఆవిరి పంపి, కరిగించి దించుకుంటారు. కొన్ని నూనెలకు, మైనాలకు అది మామూలు పని. ప్రతి ట్యాంకు వెంట ఒక సూచనల కాగితం వెళుతుంది. అందులో ఏముంది, ఎలా దించాలి, ఏం చేయకూడదు అని రాసి ఉంటుంది. ఆ కాగితం తయారుచేయడమే నా ఉద్యోగం. కాకినాడలో చదివిన కెమిస్ట్రీ డిగ్రీ నాకు తిండి పెట్టింది ఆ ఒక్క కాగితం మీదే.

సింగపూర్‌లో కూర్చుని చలికాలం గురించి రాయడం విచిత్రమైన పని. మా కిటికీ బయట ఏడాది పొడుగునా ముప్ఫై డిగ్రీలు. మా ఫారంలో 'చలికాలపు జాగ్రత్తలు' అని ఒక గడి ఉండేది. కొత్త ఫారం కావాలంటే పాత ఫారాన్ని కాపీ చేసి తేదీ, ఊరు మార్చడం మా ఆఫీసు పద్ధతి. ఆ పాత ఫారం చలి ఎరగని జొహోర్‌కో బ్యాంకాక్‌కో వెళ్ళినదై ఉంటుంది. కాబట్టి ఆ గడిలో 'వర్తించదు' అన్న మాట ఏళ్ళ తరబడి దానంతటదే వచ్చి కూర్చునేది. మొదట ఎవరు రాశారో తెలియదు. చెరపాలని ఎవరికీ తోచలేదు. నేను మంచు చూడలేదు, ఇప్పటికీ. కానీ ఆ గడిని చూసినప్పుడల్లా ఈ సరుకులన్నీ ఆ చివర ఎలా ఉంటాయో, ఏం చేస్తాయో తెలుసుకోవాలని ఉండేది.

ఆ ఏడాది మాకు ఆక్రిలిక్ యాసిడ్ సరుకు కొత్తగా వచ్చింది. రంగులకు, జిగుర్లకు, పిల్లల డైపర్లకు మూలపదార్థం. వెనిగర్ కన్నా ఘాటైన వాసన. పదమూడు డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అరకులో జనవరి పొద్దున బయట పెడితే చాలు. గట్టిపడితే ఏమవుతుంది, కరిగించుకుంటారు కదా అని ఆఫీసులో అందరూ అనుకున్నారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. కాగితాలు తిరగేస్తుంటే అసలు సంగతి తెలిసింది. ఇది గడ్డకట్టినప్పుడు ప్రమాదం లేదు. కరిగేటప్పుడే ఉంది.

ఈ యాసిడ్‌కు తనతో తాను కలిసిపోయే గుణం ఉంది. ఒకసారి మొదలైతే వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వేగం పెరుగుతుంది, చివరికి ట్యాంకు పగులుతుంది. అలా కాకుండా ఆపడానికి చిటికెడు మందు కలుపుతారు. దాన్ని ఇన్హిబిటర్ అంటారు, నేను కాపలా మందు అనేవాణ్ణి. యాసిడ్ గడ్డకట్టేటప్పుడు స్ఫటికాలు శుద్ధంగా కడతాయి, కాపలా మందును బయటికి నెట్టేస్తాయి. మందంతా మిగిలిన కాస్త ద్రవంలో చేరుతుంది. ఇప్పుడు అడుగు నుంచి ఆవిరి పెట్టామనుకోండి. గొట్టాల పక్కన ముందుగా కరిగేది కాపలా లేని యాసిడ్. దానికే అన్నిటికన్నా ఎక్కువ వేడి.

పుస్తకంలో చదివితే నాకు నమ్మకం కుదరలేదు. మందును స్ఫటికం బయటికి నెట్టేయడమేమిటి, దానికి ఎలా తెలుస్తుంది అని రెండు రోజులు ఆలోచించాను. ఆదివారం ఒక ప్లాస్టిక్ సీసాలో రోజ్ సిరప్ నీళ్ళు కలిపి ఇంట్లో ఫ్రీజర్లో పెట్టాను. గంటకోసారి తీసి చూస్తున్నాను.

"ఏవండీ, చేపలు బయట పడేసి ఆ ఎర్రనీళ్ళు పెట్టారా?" అంది మా ఆవిడ.

"పరీక్ష చేస్తున్నాను."

"చేపలు కుళ్ళితే ఆ పరీక్ష కూడా మీరే చేద్దురుగాని."

సాయంత్రానికి సీసా అంచుల వెంట తెల్లగా గడ్డకట్టింది. ఎరుపంతా మధ్యకు పోయి చిక్కబడింది. తెల్లది విరిచి నోట్లో వేసుకుంటే చప్పగా ఉంది. మధ్యలోది చుక్క నాలిక మీద వేసుకుంటే తీపి గొంతు పట్టేసింది. ఉద్యోగ జీవితం మొత్తంలో నాకు అంత ఆనందం కలిగిన రోజులు తక్కువ. పుస్తకంలో ఉన్న వాక్యం నా చేతిలో సీసాగా ఉంది.

మర్నాడు దాన్ని థర్మాస్ సంచిలో పెట్టుకుని ఆఫీసుకు తీసుకువెళ్ళి ప్యాంట్రీ ఫ్రీజర్లో పెట్టాను. ముందుగా చూసింది మా డాక్యుమెంటేషన్ సీట్లో ఉండే చైనీస్ ఆవిడ. నాకన్నా ఏడాది పెద్ద, అయినా ఆఫీసంతా అన్నట్టే నన్ను అంకుల్ అనేది. ఈ విషయం నేను ఒకసారి చెప్పాను కూడా. పట్టించుకోలేదు. ఆమె మాటలు నాకు తోచిన తెలుగులో రాస్తున్నాను, చివర్లో వచ్చే 'లా' మాత్రం ఆమెదే, అది ఇక్కడివాళ్ళ ఊతపదం.

"ఏంటిది అంకుల్, బండుంగ్ చేస్తున్నారా?" అంది. బండుంగ్ అంటే ఇక్కడి రోజ్ మిల్క్.

తెల్లముక్క, ఎర్రచుక్క రెండూ రుచి చూపించాను. మొహం చిట్లించి, మళ్ళీ తెల్లముక్క అడిగి తీసుకుని, "నిజంగానే చప్పగా ఉంది. రంగు ఎటు పోయింది లా?" అంది. ఆ ఒక్క ప్రశ్న ఆఫీసులో ఇంకెవరైనా అడిగి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు.

మధ్యాహ్నం మీటింగ్‌లో సీసాను బల్ల మీద పెట్టాను. మా మేనేజరు మనవాడే, హైదరాబాద్ కుర్రాడు, ఎంబీఏ, సెంగ్‌కాంగ్‌లో కాండో, అంటే ఖరీదైన ఫ్లాటు. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. సీసా చూసి తెలుగులోనే, "అంకుల్, మీటింగ్‌కి ఐస్‌ఫ్రూట్ తెచ్చిన్రా?" అన్నాడు. తర్వాత అందరికీ ఇంగ్లీషులో చెప్పాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు ఐస్ అంకుల్.

నేను అడిగినవి పెద్ద కోరికలు కావు. చలిదేశానికి వెళ్ళే ఆక్రిలిక్ ట్యాంకుల ఆవిరి గొట్టాల మూతులకు సీలు వేసి 'ఆవిరి వద్దు' అని బిళ్ళ కట్టమన్నాను. రెండు వారాల తర్వాత గుర్తుచేశాను. ఆ తర్వాత, బిళ్ళ కుదరకపోతే కనీసం ఆ దేశపు భాషలో ఒక హెచ్చరిక అతికించమన్నాను. మూడు ఉత్తరాలు. మూడింటికీ జవాబు లేదు. తేదీలు నా దగ్గర ఉన్నాయి, అడిగితే చెబుతాను.

జనవరి మొదట్లో ఒక ట్యాంకు ఉత్తర చైనాలోని ఒక రేవుకు బయలుదేరాల్సి వచ్చింది. సూచనల కాగితంలో ఆ చలికాలపు గడితో సహా ఏది మార్చాలన్నా మేనేజరు ఒప్పుకోవాలి, నా చేతిలో ఉన్నది ఒక్కటే, అడుగున ఉండే రిమార్కుల గడి. అందులో విషయమంతా వివరంగా టైపు చేశాను. కంప్యూటర్ తెర మీద గడి ఎంత రాసినా తీసుకుంది, కింది దాకా జరుపుకుంటూ చూసుకోవచ్చు. చదువుకుని తృప్తిపడ్డాను.

ప్రింటు కాపీ సంతకానికి వచ్చిన రోజు సంగతి కూడా చెప్పాలి. ఆ మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ అంతా కలిసి హాకర్ సెంటర్‌కు, అంటే తిండి దుకాణాల సముదాయానికి, మకాన్‌కు వెళదామన్నారు. మకాన్ అంటే భోజనం. ఇక్కడ ముందు వెళ్ళినవాళ్ళు ఒక్కో సీటు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తారు, అంటే మనదని గుర్తు. నేను చేరేసరికి తొమ్మిది సీట్ల మీద తొమ్మిది ప్యాకెట్లున్నాయి. మేం పదిమందిమి. లెక్క తప్పిందన్నారు. ఎవరో పక్క బల్ల నుంచి స్టూలు లాగబోయారు. అక్కరలేదని చెప్పి తినకుండా ఆఫీసుకు తిరిగొచ్చాను. బల్ల మీద ఆ కాపీ ఉంది. చదవకుండా సంతకం పెట్టాను. ఖాళీ కడుపు, పైగా కోపం. ఇది సాకుగా చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను.

ట్యాంకు రేవు చేరింది. అంతలో చైనీస్ న్యూ ఇయర్ వచ్చింది. ఆ దేశంలో ఫ్యాక్టరీలన్నీ మూతపడ్డాయి, ట్యాంకు యార్డులో మంచులో నిలబడింది. ఇక్కడ మాకు రెండు రోజులే సెలవు, కానీ చాలామంది వారమంతా పెట్టేసుకున్నారు. డ్యూటీ జాబితాలో ఎప్పటిలాగే నా పేరు వేశారు. "మీకు పండుగ కాదు గదా అంకుల్" అన్నాడు మేనేజరు. ఉగాదికి నేను సెలవడిగితే అది గవర్నమెంట్ సెలవు కాదనేది కూడా ఆయనే.

నాతోపాటు ఆ చైనీస్ ఆవిడ కూడా వచ్చింది. "మీ పండగ కదా, ఎందుకొచ్చారు?" అన్నాను.

"ఇంట్లో ఉంటే మా మేనత్తలు పెళ్ళెప్పుడని అడుగుతారు. యాభై ఆరేళ్ళు నాకు! ఆఫీసే నయం లా."

ఆమె నాకో కమలాపండు ఇచ్చింది. పది గంటలైంది. నేను పండు ఒలుస్తూ మెయిల్ తెరిచాను. ఆ రేవు యార్డు నుంచి మూడు ముక్కల ఇంగ్లీషు. 'సరుకు రాయిలా ఉంది. ఈరోజు ఆవిరి. రేపు దించుతాం.' కింద ఒక ఫోటో. అంచుల్లో మంచు పేరుకున్న మా ట్యాంకు. వెనకవైపు చెవులు కప్పే బొచ్చుటోపీ పెట్టుకున్న మనిషి ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని, స్పానర్‌తో ఆవిరి గొట్టం బిగిస్తున్నాడు. అతని ఊపిరి తెల్లగా కనిపిస్తోంది. పండు నా చేతిలోనే ఉండిపోయింది.

ఫోన్ చేశాను. అవతల చైనీస్ తప్ప మరో మాట లేదు. ఆవిడ నా చేతిలోంచి రిసీవర్ తీసుకుని స్పీకర్ నొక్కింది. ఫోన్లో ఉన్నది యార్డు ఫోర్‌మన్. ఆమె అతనితో మాట్లాడుతూ నాకు చెబుతూ పోయింది.

"ఆవిరి పెట్టారా, అడగండి."

"లేదట. సెలవుల్లో బాయిలర్ చల్లారిపోయింది. ఇప్పుడే వెలిగించారు. ఇంకో గంటలో ఆవిరి వస్తుందట."

"పెట్టొద్దని చెప్పండి. ఆర్పేయమనండి."

ఆమె చెప్పింది. అవతల నుంచి పొడుగాటి జవాబు వచ్చింది.

"ట్యాంకు ప్లేటు మీద ఆవిరి ఎంత ఒత్తిడి వరకు పెట్టొచ్చో చెక్కి ఉందట. పెట్టకూడనిదైతే ఎందుకు చెక్కుతారంటున్నాడు. పండగ మధ్యలోనే ఫ్యాక్టరీ తెరుస్తున్నారట, రేపటికి సరుకు కావాలని ఇతని ప్రాణం తీస్తున్నారట."

అతను అన్నది న్యాయమే. ప్లేటు ట్యాంకు గురించి చెబుతుంది, సరుకు గురించి చెప్పదు. నేను ఇన్హిబిటర్ గురించి మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఆ మాటకు చైనీస్‌లో ఏమంటారో నాకు తెలీదు. తెలిసినా అతనికి తెలీదు. ఆగండి లా."

తర్వాత ఆమె ఫోన్ దగ్గరికి వంగి, చేతులతో సీసా ఆకారం గీస్తూ, అవతలివాడికి కనిపించదన్న ధ్యాస కూడా లేకుండా మాట్లాడింది. నాకు అర్థం కాలేదు, కానీ ఆమె ఏం చెబుతోందో తెలిసింది. వేళ్ళు చుట్టూ తిప్పింది, తెలుపు. మధ్యలో గుచ్చింది, ఎరుపు. నాలిక బయటపెట్టి మొహం చిట్లించింది, చప్పన. ఆఖర్న అరచేతులు రెండూ ఒక్కసారిగా విడదీసింది. అది పేలడం.

తర్వాత ఫోర్‌మన్ ఏదో అడిగాడు. ఆమె నావైపు తిరిగింది.

"ఇంత ముఖ్యమైన సంగతి కాగితంలో ఎందుకు రాయలేదంటున్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "రాశాను! రిమార్కుల గడిలో మొత్తం రాశాను. చదవమనండి!"

అతని దగ్గర ఇంగ్లీషు వచ్చిన గుమస్తా ఒకడున్నాడు. అతను ఫోన్ తీసుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. నేను రాసిన ఇంగ్లీషు నాకే వినిపించింది. తెలుగులో చెప్పాలంటే ఇది:

'ఈ విషయాన్ని నేను ఇప్పటికే మూడుసార్లు లిఖితపూర్వకంగా తెలియజేశాను. ఎవరి నుంచీ జవాబు రాలేదు. అందుచేత నాలుగోసారి రాయవలసి వస్తున్నది. ఇన్నేళ్ళుగా ఈ కంపెనీకి నిజాయితీగా సేవచేసిన ఒక ఉద్యోగి మాటను ఇప్పటికైనా సంబంధిత వ్యక్తులు'

అక్కడ ఆగాడు.

"తర్వాత?" అన్నాను.

"అంతే సార్. గడి అయిపోయింది."

ఆవిరి అన్న మాట తర్వాతి వాక్యంలో ఉంది. 'ఎట్టి పరిస్థితుల్లోనూ ఆవిరితో వేడిచేయరాదు' అని. తెర మీద నేను చదువుకుని తృప్తిపడిన వాక్యం అదే. గడి ఎంత రాసినా తీసుకుంది, ప్రింటులో మాత్రం తనకు పట్టినంతే ఉంచి మిగతాది కోసేసింది. నా ఫిర్యాదు మొత్తం చైనా చేరింది, హెచ్చరిక చేరలేదు.

ఫోర్‌మన్ మళ్ళీ ఫోన్లోకి వచ్చి ఏదో అన్నాడు. ఆవిడ చెప్పడానికి కాస్త తటపటాయించింది.

"చెప్పండి."

"ఈ రాసినాయనకు ఏం అన్యాయం జరిగిందో పాపం అని, మొన్న టీ తాగుతూ వాళ్ళందరూ మాట్లాడుకున్నారట."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా గురించి ఎవరైనా జాలిపడింది ఆ యార్డులోనే. ఆ జాలి నాకు ఎంత ఖరీదుకు వచ్చేదో ఫోటోలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

ఫోర్‌మన్ ఒక షరతు పెట్టాడు. ఫ్యాక్టరీవాళ్ళకు చూపించడానికి మేనేజరు స్థాయిలో రాతపూర్వకంగా కావాలి, ఫోన్లో ఐస్ కథ చెబితే వాళ్ళు ఒప్పుకోరు. ఐస్‌ఫ్రూట్ మాట అన్న రోజు నుంచి నేను మా మేనేజరుకు నా అంతట నేను ఫోన్ చేయలేదు, చేయనని నిర్ణయించుకున్నాను కూడా. చేశాను. ఎత్తింది ఆయన కూతురు.

"డాడీ! ఆఫీస్ నుంచి ఎవరో అంకుల్ లా!"

"హాలిడే గదా అంకుల్, ఏమైంది?" అన్నాడాయన. వెనక టీవీలో తెలుగు పాట మోగుతోంది.

చెప్పాను. టీవీ ఆగిపోయింది.

"ప్లేట్ మీద స్టీమ్ ఓకే అని ఉంటది గదా?"

"ట్యాంకుకు ఓకే. సరుకుకు కాదు."

"అంటే... ఆ రోజు మీరు తెచ్చిన సీసా. ఇదేనా?"

"ఇదే."

నేను ఏడెనిమిది నెలలుగా ఎదురుచూస్తున్న క్షమాపణ వస్తుందేమోనని చెవి గట్టిగా ఆనించాను. రాలేదు.

"డ్రాఫ్ట్ పంపండి అంకుల్. నేను ఫార్వర్డ్ చేస్త. రెండే లైన్లు. ప్లీజ్, రెండే."

రాశాను. 'ఈ సరుకును ఆవిరితో వేడిచేయరాదు. బాయిలర్ ఆర్పండి, ట్యాంకును ముట్టుకోవద్దు, కరిగించే పద్ధతి ఈరోజే పంపుతాం.' అలా రాయగలనని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన నిమిషంలో పంపించాడు. ఒక్క ప్రశ్న కూడా మళ్ళీ అడగలేదు. ఈ సంగతి దాచిపెడితే నా మనసు ఒప్పుకోదు కాబట్టి రాస్తున్నాను. మిగతా విషయాల్లో ఆయన మీద నా అభిప్రాయం మారలేదు.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు. ఆవిడ నా బల్ల మీది సగం ఒలిచిన పండు తీసుకుని, మిగతాది ఒలిచి, తొనలు కాగితం మీద పెట్టింది. ఇద్దరం తినలేదు. ఫోన్ మోగింది. బాయిలర్ ఆర్పేశారు. గొట్టం విప్పేశారు. బిగించిన మనిషిని టీకి పంపించారట.

ట్యాంకును వేడిచేసిన షెడ్డులోకి మార్చారు. గొట్టాల్లో ఆవిరికి బదులు గోరువెచ్చని నీళ్ళు తిప్పారు, చెయ్యి పెడితే ఓర్చుకునేంత వేడి, అంతకు మించి కాదు. రోజుకు మూడుసార్లు ఉష్ణోగ్రత రాసి పంపమన్నాను. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడుతూ వచ్చాను. ఏడు, తొమ్మిది, పన్నెండు, పదమూడు. అక్కడ నిలిచిపోయింది. ఆరు రోజులు పదమూడే. వేడి లోపలికి పోతూనే ఉంది, అంకె కదలదు, ఎందుకంటే ఆ వేడంతా కరగడానికే ఖర్చవుతోంది. డిగ్రీలో చదువుకున్న గుప్తోష్ణం అప్పటిదాకా నాకు పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే. ఏడో రోజు పొద్దున పదమూడున్నర అని వచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. లోపల ఆఖరి ముక్క కరిగిందన్నమాట. తర్వాత పంపుతో సరుకును తిప్పి తిప్పి కలిపి, కాపలా మందు అంతటా సమంగా ఉందని పరీక్షించాకే దించారు.

ఏమీ జరగలేదు. చిక్కంతా అక్కడే ఉంది. ప్రమాదం నమోదుచేసే ఫారం ప్రమాదం జరిగితేనే తెరుచుకుంటుంది. ఫ్యాక్టరీకి సరుకు ఆలస్యమైందన్న ఫిర్యాదు ఒక్కటే ఫైల్లో మిగిలింది. ఆ తర్వాత ట్యాంకులకు 'ఆవిరి వద్దు' బిళ్ళలు కట్టడం మొదలుపెట్టారు. ఆలోచన ఎవరిదో ఎక్కడా రాయలేదు. అదీ భరించాను.

భరించలేనిది ఆ గడి. మా సాఫ్ట్‌వేర్ విభాగానికి రాశాను. తెర మీద మొత్తం చూపించి ప్రింటులో కోస్తోంది, కోసినట్టు చెప్పడం లేదు, సరిచేయండి అని. మూడు రోజుల తర్వాత జవాబుకు బదులు ఒక వరుస వచ్చింది. 'వినియోగదారు క్లుప్తంగా రాయవలెను. మూసివేయబడినది.' మళ్ళీ రాశాను, మళ్ళీ మూసేశారు. రిటైరయ్యే రోజు వరకు రాశాను. రిటైరయ్యాక, ఆ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీకి రాస్తున్నాను.

ఇప్పుడు ఏడేళ్ళుగా చెప్పని సంగతి. ఆ ఉత్తరాల్లో దేనిలోనూ నేను ఆ ప్రింటు కాగితాన్ని జతచేయలేదు. వాక్యం తెగిందని రాశాను, ఏ వాక్యమో రాయలేదు. జతచేస్తే, హెచ్చరిక ఉండాల్సిన చోటును నా గొడవతో నింపానని, ఆపైన చదవకుండా సంతకం పెట్టానని అందరికీ తెలుస్తుంది. ఆ రోజు ఫోన్ పెట్టేశాక ఆవిడ అంది, "నేను ఎవరికీ చెప్పను అంకుల్. కానీ మీరు చెప్పాలి లా." ఆమె మాట నిలబెట్టుకుంది. నేను తల ఊపి ఊరుకున్నాను. రుజువు లేని ఫిర్యాదును మూసేసినవాళ్ళను తిట్టుకుంటూ కూర్చున్నాను. రుజువు నా సొరుగులోనే ఉంది.

పోయిన నెల బిషాన్‌లో తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాను. అక్కడ ఒకమ్మాయి పరిచయమైంది. యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, ట్యాంకులు పంపే మరో కంపెనీలో ఆరు నెలల కింద చేరింది. నేను చేసిన పనే.

"రిమార్కుల గడి ఉంటుందా మీ ఫారంలో?" అని మా పాత సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి అడిగాను.

"ఉంటుంది అంకుల్. సేమ్ సాఫ్ట్‌వేర్. చాలా బావుంటుంది, ఎంత రాసినా తీసుకుంటుంది."

"ప్రింటు తీసి చూశావా?"

"ప్రింటా? అది అవతలివాళ్ళు తీసుకుంటారు కదా అంకుల్."

నేను ప్లేటు పక్కన పెట్టేశాను. ఇంటికొచ్చి సొరుగు తీశాను. ఆ కాగితం ఈ వ్యాసంతో పాటు పత్రికకు పంపుతున్నాను. నా ఇంగ్లీషు, నా సంతకం, తెగిపోయిన చోటు, అన్నీ కనిపించేలా వేయండి. అదే కాగితం ఈరోజే ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి కూడా పంపాను. నా తప్పు ఎంతో అందులో ఉంది, దాని గురించి మీరు నన్ను ఏమన్నా పడతాను.

పిల్లలూ, మీ ఆఫీసులో ఈ పూటే ఒక పొడుగాటి రిమార్కు రాసి, ప్రింటు తీసి, చివరి మాట ఉందో లేదో చూసుకోండి. హెచ్చరిక మొదటి మాటగా రాయండి. మీ బాధలు వేరే కాగితం మీద రాసుకోండి, నా అనుభవంలో వాటికి చోటు సరిపోదు.

ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళకు మాత్రం ఒకే ప్రశ్న. రాసింది గడిలో పట్టనప్పుడు, పట్టలేదని మీ గడి ఇప్పుడు చెబుతోందా, చెప్పడం లేదా? అవునో కాదో. ఈ చలికాలంలో కూడా ఎక్కడో ఒక మనిషి మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, మీ కాగితం చేతిలో పట్టుకుని గొట్టం బిగిస్తూ ఉంటాడు. జవాబు అతనికివ్వండి. నాకు ఒక కాపీ చాలు.